కాలనీ భవిష్యత్తు ఎలా తేల్చాలి: ఓటు, ఒప్పందం, సైన్యం, వాయిదాల్లో ఏది ఎప్పుడు మేలు?

2024 మే 13న, ఫ్రాన్స్ పాలనలోని న్యూ కాలెడోనియా రాజధాని నూమెయాలో అల్లర్లు మొదలయ్యాయి. ఓటర్ల జాబితా నిబంధన మార్చే బిల్లు మీద పారిస్ పార్లమెంటులో చర్చ నడుస్తుంటే, పసిఫిక్ మహాసముద్రంలోని ఆ దీవిలో షాపులు, గోడౌన్లు తగలబడ్డాయి. ఎమర్జెన్సీ పెట్టారు. 14 మంది చనిపోయారు, నష్టం 200 కోట్ల యూరోలు దాటింది. ఆ వార్తలు చూసినవాళ్లలో చాలామందికి వచ్చిన సందేహం ఒకటే: ఉండాలో విడిపోవాలో ఓటు పెట్టి తేల్చేయొచ్చు కదా? ఓటు పెట్టారు, ఒకసారి కాదు, మూడుసార్లు. అయినా తేలలేదు.

ఈ ప్రశ్న తెలుగువాళ్లకు పరాయిది కాదు. కాకినాడ నుంచి బస్సెక్కితే గంటలోపు వచ్చే యానాం 1954 దాకా ఫ్రెంచి జెండా కింద ఉంది. దాని భవిష్యత్తు ఎలా తేల్చాలన్నది ఢిల్లీకి, పారిస్‌కు మధ్య ఆరేళ్లకు పైగా నలిగిన సమస్య. అదే కాలంలో మన దేశంలోనే మూడు వేర్వేరు దారులు తొక్కారు: చందర్‌నగర్‌లో ఓటు, పాండిచ్చేరి, యానాంలలో ఒప్పందం, గోవాలో సైన్యం. ఏ దారి ఎక్కడ పనిచేస్తుందో పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణలు దొరకవు.

ముందు ఒక విషయం విడదీసుకోవాలి. ఎక్కడికి చేరాలన్నది ఒక ప్రశ్న, ఎలా చేరాలన్నది వేరే ప్రశ్న. చేరే చోటు గురించి ఐక్యరాజ్యసమితి 1960 డిసెంబరులోనే 1514, 1541 తీర్మానాలతో స్పష్టత ఇచ్చింది: పూర్తి స్వాతంత్ర్యం, వేరే దేశంతో స్వేచ్ఛగా కుదుర్చుకునే అనుబంధం, లేదా ఒక దేశంలో సమాన హక్కులతో విలీనం. ఈ మూడూ న్యాయమైనవే, ప్రజలు మనస్ఫూర్తిగా ఎంచుకుంటే. గొడవంతా దారి దగ్గరే వస్తుంది. టీవీ చర్చల్లో ఈ రెండింటినీ కలిపేసి, స్వాతంత్ర్యం కావాలా వద్దా అని అరుచుకుంటారు. ఎవరు ఓటేయాలి, ఆ రోజు పోలీసులు ఎవరి చేతిలో ఉండాలి, పాత ప్రభుత్వంలో ఉద్యోగం చేసినవాళ్ల గతేమిటి అన్న ప్రశ్నలు పక్కకు పోతాయి. అల్లర్లు రేపేవి మాత్రం అవే.

ఓటు: ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు బెడిసికొడుతుంది

ఫ్రెంచి కాలనీల ప్రజలే తమ భవిష్యత్తు నిర్ణయించుకోవాలని 1948 జూన్‌లో భారత్, ఫ్రాన్స్ ఒప్పుకున్నాయి. మొదట ఓటు జరిగింది బెంగాల్‌లోని చందర్‌నగర్‌లో, 1949 జూన్ 19న. విలీనానికి అనుకూలంగా 7,473 ఓట్లు, వ్యతిరేకంగా 114. 1950 మే 2న పాలన భారత్ చేతికి వచ్చింది, 1951 ఫిబ్రవరిలో పారిస్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1954 అక్టోబరు 2న ఆ ఊరు పశ్చిమ బెంగాల్‌లో కలిసిపోయింది. ఎంత సాఫీగా సాగిందో చూడండి.

అలా సాగడానికి కారణం ఓటింగ్ పద్ధతి గొప్పదనం కాదు. ఫలితం ఏమొస్తుందో ఓటుకు ముందే అందరికీ తెలుసు. ఊరు కలకత్తా పక్కనే ఉంది, జనం మనసు ఒకవైపే ఉంది, ఫ్రాన్స్‌కు అక్కడ పట్టు లేదు. జనం అప్పటికే తేల్చుకున్నదాన్ని ఓటు కాగితం మీద పెట్టింది, అంతే.

పాండిచ్చేరిలో పరిస్థితి అలా లేదు. మిగిలిన నాలుగు కాలనీల్లో (పాండిచ్చేరి, కారైకాల్, యానాం, మాహె) 1949 డిసెంబరులో జరగాల్సిన ఓటింగ్ వాయిదా పడింది, ఆ తర్వాత జరగనే లేదు. అప్పట్లో అక్కడ చక్రం తిప్పింది ఎడ్వార్డ్ గూబేర్ నడిపిన ఫ్రెంచి ఇండియా సోషలిస్టు పార్టీ. పురపాలక సంఘాలు ఆ పార్టీ గుప్పిట్లో ఉన్నాయి, విలీనం కోరేవాళ్ల మీద దాడులు జరిగేవి. ఓటర్ల జాబితా, పోలింగు బూతు, లాఠీ మూడూ ఒకే పక్షం చేతిలో ఉంటే ఆ ఓటుకు అర్థమేముంటుంది? 1951లో తటస్థ పరిశీలకులు వచ్చి చూసి, స్వేచ్ఛగా ఓటు వేసే వాతావరణం లేదని తేల్చారు. ఆ తర్వాత భారత్ రిఫరెండం మాట వదిలేసి, నేరుగా అప్పగించమని అడగడం మొదలుపెట్టింది. నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయం. అక్కడ ఓటు పెట్టి ఉంటే ఏ ఫలితం వచ్చినా ఓడినవాళ్లు దాన్ని ఒప్పుకునేవాళ్లు కాదు.

భద్రత సంగతి పట్టించుకోకుండా ఓటు పెడితే ఏమవుతుందో 1999లో తూర్పు తైమూరులో చూశాం. పోర్చుగల్ వదిలేసిన ఆ కాలనీని 1975లో ఇండోనేషియా ఆక్రమించింది. పాతికేళ్ల రక్తపాతం తర్వాత ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఆగస్టు 30న ఓటింగ్ పెట్టారు. జనం భయాన్ని పక్కనపెట్టి 98 శాతానికి పైగా వచ్చి ఓటేశారు, 78.5 శాతం మంది విడిపోవాలన్నారు. కానీ ఓటుకు ముందు కుదిరిన ఒప్పందంలో శాంతిభద్రతల బాధ్యత ఇండోనేషియాకే వదిలేశారు. ఫలితం ప్రకటించగానే ఇండోనేషియా సైన్యం అండ ఉన్న ముఠాలు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆస్ట్రేలియా నాయకత్వంలో అంతర్జాతీయ బలగాలు దిగింది సెప్టెంబరు 20న. ఓటుకు, ఆ బలగాలకు మధ్య ఉన్న మూడు వారాలే ఆ దేశాన్ని బూడిద చేశాయి. ఓటు పెట్టడం తప్పు కాదు, బలగాల్ని ముందు దింపకపోవడం తప్పు.

ఇక న్యూ కాలెడోనియా. 2018లో స్వాతంత్ర్యం వద్దన్నవాళ్లు 56.7 శాతం, 2020లో 53.3 శాతం. రెండుసార్లూ పోలింగ్ 80 శాతం దాటింది, రెండుసార్లూ ఓడిన కనక్ (అక్కడి మూలవాసుల) పార్టీలు ఫలితాన్ని ఒప్పుకున్నాయి. మూడోది 2021 డిసెంబరు 12న. కోవిడ్‌తో చాలా కనక్ కుటుంబాలు మృతుల సంతాపంలో ఉన్నాయి, వాయిదా వేయమని అడిగారు. పారిస్ వినలేదు. స్వాతంత్ర్యవాదులు బహిష్కరించారు. పోలింగ్ 44 శాతం దాటలేదు, వద్దన్నవాళ్లు 96.5 శాతం. చట్టం ప్రకారం లెక్క సరిపోయింది. కానీ 53 మీద దొరికిన అంగీకారం 96 మీద దొరకలేదు. కొన్ని నెలలు ఆగి ఉంటే ఫ్రాన్స్‌కు పోయేదేమీ లేదు, ఆగనందుకు మూడేళ్లలో నూమెయా మంటల్లో పడింది. ఓటు దారి ఎంచుకోవాలనుకునేవాళ్లు అన్నింటికన్నా ముందు చదవాల్సిన పాఠం ఇదే అని నమ్ముతాను.

ఒప్పందం: ముందు పాలన, తర్వాత పత్రాలు

1954 నాటి పాండిచ్చేరి కథ దౌత్యం చదివేవాళ్లకు బంగారు గని. ఆ ఏడాది మార్చిలో గాలి ఒక్కసారిగా మారింది. అంతవరకు ఫ్రాన్స్ వైపు నిలబడ్డ గూబేర్ ప్లేటు ఫిరాయించి, ఓటింగ్ అక్కర్లేదు, విలీనం చేయండి అన్నాడు. పురపాలక సంఘాలు వరసపెట్టి తీర్మానాలు చేశాయి. భారత్ పర్మిట్లు బిగించింది, సరుకుల రాకపోకల మీద ఆంక్షలు పెట్టింది. మే 7న వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. జూన్‌లో మెండెస్ ఫ్రాన్స్ ప్రధాని అయ్యాడు. ఆయనకు ఇండోచైనా యుద్ధం ముగించడమే ముఖ్యం, మన తీరంలోని చిన్న చిన్న ఊళ్ల కోసం కొత్త తగాదా పెట్టుకునే ఉద్దేశం లేదు.

ఈ మధ్యలోనే యానాం ఘట్టం. పాండిచ్చేరి నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం, చుట్టూ అప్పటి తూర్పు గోదావరి జిల్లా, ఊరంతా కలిపితే సుమారు 30 చదరపు కిలోమీటర్లు. అక్కడికి ఫ్రాన్స్ సాయం పంపాలంటే సముద్రం మీద రావాలి, లేదా భారత భూభాగం దాటాలి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు కాకినాడ వైపు నుంచి వెళ్లి యానాం పాలనను చేతిలోకి తీసుకున్నారు. రమణయ్య పరాయివాడు కాదు, అక్కడి మనిషే. నెల తిరిగేసరికి, జూలై 16న, ఐ.కె. కుమారన్ నాయకత్వంలోని ఉద్యమం ముందు మాహెలో ఫ్రెంచి పాలకుడు తప్పుకున్నాడు. పెద్ద యుద్ధం లేకుండా నాలుగింటిలో రెండు చేజారిపోయాయి. పారిస్ లెక్క మార్చింది సిద్ధాంతాలు కాదు, ఈ రెండు చిన్న ఊళ్లు.

అయినా ఫ్రాన్స్‌కు ఒక చిక్కు మిగిలింది. అక్కడి ప్రజల సమ్మతి లేకుండా భూభాగం వదులుకోకూడదని 1946 ఫ్రెంచి రాజ్యాంగం చెబుతోంది. నేరుగా ఓటు పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని మధ్యే మార్గం వెతికారు. అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరు అనే పల్లెలో, ఎన్నికైన ప్రతినిధులు 178 మంది సమావేశమై ఓటేశారు. 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా. మూడు రోజుల్లో ఢిల్లీలో ఒప్పందం, నవంబరు 1న పాలన అప్పగింత. పాండిచ్చేరిలో భారత కాన్సుల్ జనరల్‌గా ఉన్న కేవల్ సింగే మొదటి చీఫ్ కమిషనర్ అయ్యారు.

అసలు తెలివి ఇక్కడుంది. పొలం కొనేటప్పుడు ముందు స్వాధీనం తీసుకుని రిజిస్ట్రేషన్ తర్వాత చేయించుకున్నట్టు, పాలనను 1954లో తీసుకుని సార్వభౌమాధికారం పత్రాలను తీరుబడిగా రాసుకున్నారు. 1956 మే 28న సంతకాలు. అల్జీరియా యుద్ధం నడుస్తున్నందువల్ల ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆగిపోయింది. అల్జీరియా స్వతంత్రమయ్యాక 1962లో ఆమోదం దక్కింది, ఆగస్టు 16న పత్రాలు మారాయి. దాదాపు ఎనిమిదేళ్లు చట్టరీత్యా ఆ నేల ఫ్రాన్స్‌దే, పాలన మాత్రం మనది. జనం బతుకుకు ఆ తేడా అడ్డు రాలేదు, పారిస్ పరువుకూ భంగం కలగలేదు.

ఒప్పందంలో ఏం రాశారన్నది దగ్గరగా చూడాల్సిన విషయం. ఫ్రెంచి జాతీయత ఉంచుకోవాలనుకునేవాళ్లకు ఆరు నెలల గడువు ఇచ్చారు. అక్కడి ప్రజాప్రతినిధులు వేరే నిర్ణయం తీసుకునేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉంటుందన్నారు. ఆ ప్రాంతపు ప్రత్యేక పాలనా హోదాను ప్రజల అభిప్రాయం తెలుసుకోకుండా మార్చకూడదన్నారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన కుటుంబాలకు నేటికీ ఫ్రాన్స్ నుంచి పెన్షన్ వస్తుంది, ఆ పౌరసత్వం ఉన్నవాళ్లు ఫ్రాన్స్ ఎన్నికల్లో పాండిచ్చేరి నుంచే ఓటేస్తారు. ఓడిన పక్షానికి బతకడానికి చోటు ఉంచడమంటే ఇది. యానాం ఇప్పటికీ ఆంధ్రలో కలవకుండా పుదుచ్చేరి అసెంబ్లీకి తన ఎమ్మెల్యేను పంపడానికి మూలం కూడా ఆ హోదా హామీయే. ఓటుతో వచ్చిన చందర్‌నగర్ ఇప్పుడు హుగ్లీ జిల్లాలో ఒక మామూలు పట్టణం. త్వరగా తేలింది గానీ, ప్రత్యేక పాలన అంటూ ఏదీ మిగల్లేదు.

ఈ దారిలో లోపాలు దాచకూడదు. సుమారు మూడు లక్షల మంది తలరాతను 178 మంది రాశారు. నేరుగా అడిగి ఉంటే ఏమనేవారో తెలుసుకునే అవకాశం జనానికి దక్కలేదు. మరోటి, ఒప్పందం ఎప్పుడూ స్థానికంగా బలమున్న నాయకులతోనే కుదురుతుంది. నిన్నటిదాకా విలీనాన్ని అడ్డుకున్న గూబేరే 1963లో ముఖ్యమంత్రి అయ్యాడు. విలీనం కోసం దెబ్బలు తిన్నవాళ్లకు అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. శాంతి కోసం ఆ ధర చెల్లించారు. నేనైతే చెల్లించదగ్గ ధరే అంటాను.

సైన్యం: చివరి దారి, అసలు ధర తర్వాత తెలుస్తుంది

పాండిచ్చేరిలో పనిచేసిన పద్ధతి గోవాలో ఎందుకు పనిచేయలేదు? దేశం అదే, ప్రధాని నెహ్రూ, ఆంక్షలూ అలాంటివే. తేడా అవతలి కుర్చీలో ఉంది. పారిస్‌లో ఎన్నికలకు, పత్రికలకు జవాబు చెప్పుకోవాల్సిన ప్రభుత్వం ఉంటే, గోవాను ఏలిన పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో సలాజార్ నియంతృత్వం. 1950లో భారత్ చర్చలకు పిలిస్తే పోర్చుగల్ ఒప్పుకోలేదు. 1951లో రాజ్యాంగం మార్చి గోవాకు కాలనీ అన్న పేరే తీసేసి, సముద్రం అవతలి రాష్ట్రం అనేసింది. మా దేశంలో మా రాష్ట్రం గురించి మీతో చర్చ ఏమిటన్నది వాళ్ల వాదన. 1955 ఆగస్టు 15న సరిహద్దు దాటిన సత్యాగ్రహుల మీద పోర్చుగీసు పోలీసులు కాల్పులు జరిపారు, 20 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఆరేళ్ల ఆంక్షలకూ లిస్బన్ కదల్లేదు.

1961 డిసెంబరులో ఆపరేషన్ విజయ్ రెండు రోజుల్లో ముగిసింది. చివరి దాకా పోరాడమని సలాజార్ ఆదేశించినా గవర్నర్ జనరల్ వస్సాలో ఎ సిల్వా వినకుండా లొంగిపోయాడు. ఆయన ఆ ఆదేశం పాటించి ఉంటే గోవా ఊళ్లు ఏమయ్యేవో! రెండు వైపులా కలిపి సుమారు 50 మంది చనిపోయారు. భద్రతా మండలిలో భారత్‌కు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాన్ని సోవియట్ యూనియన్ వీటో చేసింది. పోర్చుగల్ ఈ విలీనాన్ని గుర్తించింది 1974 చివర్లో, అదీ లిస్బన్‌లో నియంతృత్వం కూలిన తర్వాత.

గోవా నుంచి ఇంకో పాఠం ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. సైన్యం వెళ్లి కాలనీ పాలన తీసేసింది గానీ, గోవావాళ్లు ఎలా ఉండాలనుకుంటున్నారన్నది మిగిలిపోయింది. 1967 జనవరి 16న ఓటు పెట్టి అడిగారు: మహారాష్ట్రలో కలుస్తారా, విడిగా ఉంటారా? విడిగా ఉంటామన్నారు, 1,72,191 మంది అటు, 1,38,170 మంది ఇటు. పరాయి పాలన లేని చోట, ప్రశాంతంగా, రెండు పక్షాలూ ఒప్పుకున్న ప్రశ్న మీద జరిగింది కాబట్టి ఆ ఓటు నిలబడింది. 1987లో గోవా రాష్ట్రమైంది. కొన్నిసార్లు ఓటు మొదటి మెట్టు కాకుండా చివరి మెట్టుగా ఉండటమే మంచిది.

వాయిదా: నయం చేసే వాయిదా, ముంచే వాయిదా

హాంకాంగ్‌ను 1984 ఉమ్మడి ప్రకటనతో బ్రిటన్, చైనా తేల్చుకున్నాయి, అక్కడి జనాన్ని అడగలేదు. 1997 నుంచి 50 ఏళ్లు పాత జీవన విధానం మారదన్న హామీకి చైనా తెచ్చిన 2020 జాతీయ భద్రతా చట్టంతో ఏమైందో చూశాం. హామీ ఇచ్చినవాడు తప్పితే అడిగేవాడెవడు అన్నది ఒప్పందంలో లేకపోతే ఆ గడువుకు విలువ లేదు.

దీనికి భిన్నంగా, 1988లో న్యూ కాలెడోనియాలో వాయిదా ప్రాణాలు కాపాడింది. ఉవేయా దీవి గుహలో బందీల సంక్షోభం 19 మంది కనక్ యువకుల, ఇద్దరు సైనికుల చావుతో ముగిశాక అంతర్యుద్ధం వాకిట్లోకి వచ్చింది. అప్పుడు కనక్ స్వాతంత్ర్యవాదుల నాయకుడు జాన్-మారీ చిబావు ముందుకొచ్చి మాటిన్యోన్ ఒప్పందం మీద సంతకం చేశాడు. పదేళ్లు ఆగుదాం, ఈలోగా కనక్ ప్రాంతాలకు అధికారం, డబ్బు, చదువు ఇవ్వండి అన్నది సారాంశం. ఏడాది తిరగకుండా, ఆ సంతకం ద్రోహమని నమ్మిన తన వాళ్లలోనే ఒకడు ఆయన్ను కాల్చి చంపాడు. ఆయన పోయినా ఒప్పందం నిలిచింది, ఆ మూడు ఓటింగులకు ఆధారమైన 1998 నూమెయా ఒప్పందానికి దారి వేసింది. ముప్పై ఏళ్లకు పైగా పెద్ద రక్తపాతం లేకుండా గడిచింది. పని జరుగుతున్న వాయిదా ఇలా ఉంటుంది.

మరి ఏది ఎంచుకోవాలి

అవతలి ప్రభుత్వం తన ప్రజలకు జవాబు చెప్పుకోవాల్సినదైతే ఒప్పందమే మొదటి ఎంపిక. ఆలస్యమైనా ఫలిస్తుంది. సమాజం ఒకేవైపు ఉంటే ఓటు పెట్టండి, చందర్‌నగర్‌లా గుట్టుచప్పుడు కాకుండా అయిపోతుంది. సమాజం సగం సగం చీలి ఉంటే మాత్రం అల్లర్ల మధ్య అవును, కాదు ఓటు పెట్టకండి. ముందు ఓటర్ల జాబితా మీద రెండు పక్షాల సంతకాలు తీసుకోండి, పోలీసు బాధ్యత మూడో చేతికి ఇవ్వండి, ఉద్యోగాలు, పెన్షన్లు, పౌరసత్వం, భూమి సంగతి రాసిపెట్టండి, ఆ తర్వాతే పోలింగ్ తేదీ. సైన్యం గురించి ఆలోచించాలంటే మాట్లాడే ప్రతి దారీ ఏళ్ల తరబడి మూసుకుపోయి ఉండాలి, లోపలి జనం మద్దతు ఉండాలి, దించిన తర్వాత వాళ్లనే అడిగే ఉద్దేశం ఉండాలి. ఈ మూడూ కలిసిన సందర్భాలు చాలా తక్కువ.

న్యూ కాలెడోనియా విషయానికొస్తే, 2025 జూలైలో పారిస్ దగ్గరి బుజివాల్‌లో కుదిరిన ఒప్పందం ఫ్రాన్స్‌లోనే ఉంటూ న్యూ కాలెడోనియా రాజ్యం అనే కొత్త రూపం ప్రతిపాదించింది. ఒప్పందం దారి పట్టడం మంచిదే. కానీ ప్రధాన స్వాతంత్ర్య కూటమి ఎఫ్‌ఎల్‌ఎన్‌కెఎస్ ఆగస్టులోనే దాన్ని తిరస్కరించింది. 2019 జనాభా లెక్కల్లో 41 శాతం ఉన్న కనక్ సమాజపు ప్రధాన ప్రతినిధులు లేని ఒప్పందాన్ని ఓటుకు పెడితే 2021 డిసెంబరే మళ్లీ వస్తుంది. పారిస్ చేయాల్సింది ఇంకో తేదీ ప్రకటించడం కాదు. ఎఫ్‌ఎల్‌ఎన్‌కెఎస్‌ను తిరిగి గదిలోకి పిలవాలి. ఆ దీవికి 1998 తర్వాత వచ్చినవాళ్లలో ఎవరికి, ఎన్నేళ్లకు ఓటు హక్కు అన్న ఒక్క ప్రశ్నను మిగతా వాటినుంచి విడదీసి, దాన్నే మొదట తేల్చాలి.